గిరి గీసుకుని కొనండి

ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెరీ, ఫ్యాట్స్ డామినో, లిటిల్ రిచర్డ్ పాటలు వినడానికి ఇవాళ పైసా ఖర్చు లేదు. ఫోన్ తీస్తే చాలు. అయినా కొంతమంది ఆ పాటల్ని అవి పుట్టిన రూపంలోనే వినాలని పట్టుబడతారు. అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క రికార్డు మీద, ముల్లు పెట్టి, ఆ చిరచిరతో సహా. మీకూ ఆ పిచ్చి పట్టి ఉంటే, లేదా పట్టే సూచనలుంటే ఈ అధ్యాయం మీకోసం. పిచ్చి ఉండటంలో తప్పులేదు. దానికి లెక్కాపత్రం లేకపోతేనే ఇల్లు గుల్లవుతుంది.

కొత్తగా దిగినవాళ్లు ముందుగా అడిగేది ‘ఇవి ఎక్కడ దొరుకుతాయండీ?’ అని. దొరకడానికేం, అమెరికాలో పాత సామాన్లు అమ్మే ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇంటి నుంచే వేలం పాడుకోవచ్చు. దొరక్కపోవడం వల్ల చెడినవాళ్లు తక్కువ, అన్నీ దొరకడం వల్ల చెడినవాళ్లే ఎక్కువ. అందుకని మొదటి నెల డబ్బు తీయకండి, నోటుపుస్తకం తీయండి. మీరు ఏవి కొంటారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘పాత రాక్ అండ్ రోల్ రికార్డులు’ అని రాస్తే అది సముద్రం. ‘1954, 1958 మధ్య మెంఫిస్‌లోని సన్ కంపెనీ వేసిన 78లు’ అని రాస్తే చెరువు, అవతలి ఒడ్డు కనిపిస్తుంది. ఆ వాక్యమే మీ గిరి. దాన్ని దాటాలనిపించినప్పుడల్లా వారం ఆగాలని షరతు పెట్టుకోండి. వారం తర్వాత కూడా అంతే గట్టిగా కావాలనిపించే రికార్డులు చాలా తక్కువ ఉంటాయి.

ఈ గిరిని చరిత్రే సగం గీసిపెట్టింది. కొలంబియా కంపెనీ 1948లో ఎల్‌పీ తెచ్చింది. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ ఏడంగుళాల 45 తెచ్చింది. రెండూ తేలిక, కింద పడితే పగలవు. అంటే రాక్ అండ్ రోల్ అనే పేరు జనం నోళ్లలో పడే నాటికే లక్క రికార్డుకు రోజులు దగ్గరపడ్డాయి. అయినా కంపెనీలు ఇంకొన్నేళ్లు ఒకే పాటను రెండు రూపాల్లోనూ వేస్తూ వచ్చాయి. కుర్రకారు చేతిఖర్చు డబ్బుతో 45లు కొనుక్కున్నారు. ఇంట్లో పాత ప్లేయరు మార్చే స్తోమత లేనివాళ్లు 78లే కొన్నారు. అమెరికాలో 1958 దాటాక, బ్రిటన్‌లో 1960 నాటికి పెద్ద కంపెనీలు వీటికి మంగళం పాడేశాయి.

ఇక్కడ కొనేవాడికి పనికొచ్చే కిటుకు ఒకటుంది. ఏ వస్తువైనా ఎంత పాతదైతే అంత అరుదు అనుకుంటాం. ఈ సరుకు దగ్గర లెక్క తిరగబడుతుంది. 1955 నాటి 78 కంటే 1958 నాటిది దొరకడం కష్టం. అప్పటికి అడిగేవాళ్లు తగ్గి, కంపెనీలు కొద్దిగానే వేశాయి. చక్ బెరీ ‘మేబెలీన్’ 1955లో చెస్ 1604గా వచ్చింది, ఓపిగ్గా వెతికితే కంటపడుతుంది. ‘జానీ బి. గుడ్’ 1958లో చెస్ 1691గా వచ్చింది. దాని 78 కోసం అంతకు రెట్టింపు ఓపిక కావాలి. ఈ సంగతి తెలియని అమ్మకందారు రెండింటికీ ఒకే ధర చెప్పే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకి మీరు సిద్ధంగా ఉండాలంటే ముందు చదువుకుని ఉండాలి.

సందర్భం వచ్చింది కాబట్టి మనవైపు మాట ఒకటి. ఈ రికార్డుల్లో మిగతా సరుకునంతా అతికించి పట్టుకునేది లక్క. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే పొర నుంచి తీస్తారు. ప్రపంచానికి దాన్ని ఎక్కువగా అందించింది మన దేశమే. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో కొట్టుకొచ్చిన లక్క కలకత్తా రేవు మీదుగా వెళ్లేది. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ 1924లోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సరఫరాకు అడ్డం పడేసరికి అమెరికాలో పాత రికార్డులు పోగుచేసి, నూరి, కొత్తవాటిలో కలిపారు. యుద్ధానికి ముందువి కొన్ని మరీ అరుదైపోవడానికి అదీ ఒక కారణం. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ, ఈ రికార్డుల్లో ఉండేదీ ఆ పురుగు పెట్టిన భిక్షే.

గిరి ఎలా గీయాలి? కంపెనీని బట్టి గీయొచ్చు. సన్, చెస్, స్పెషాల్టీ, ఇంపీరియల్, ఒక్కొక్కటీ ఒక లోకం. ఊరిని బట్టి గీయొచ్చు. న్యూ ఆర్లీన్స్‌నే తీసుకోండి. అక్కడ కోసిమో మటాసా నడిపిన చిన్న స్టూడియోలో ఫ్యాట్స్ డామినో 1949 డిసెంబరులో ‘ది ఫ్యాట్ మ్యాన్’ పాడాడు. 1955 సెప్టెంబరులో లిటిల్ రిచర్డ్ ‘టుట్టి ఫ్రుట్టి’ కేకలు పెట్టిందీ అక్కడే. రెండింటికీ డ్రమ్స్ వాయించింది ఎర్ల్ పామరే. లేబుళ్లు వేరు, గాయకులు వేరు, వెనకున్న చేతులు మాత్రం అవే.

నన్నడిగితే అన్నిటికన్నా రుచికరమైన గిరి జంటలది. ఒకే పాటకు రెండు రికార్డులు: మొదట పాడినవారిది ఒకటి, తర్వాత దాంతో పేరు కొట్టేసినవారిది ఇంకొకటి. ‘దట్స్ ఆల్ రైట్’ను బ్లూస్ గాయకుడు ఆర్థర్ క్రూడప్ 1946లో రికార్డు చేశాడు. 1954 జులై 5న మెంఫిస్‌లో సన్ కంపెనీ యజమాని శామ్ ఫిలిప్స్ స్టూడియోలో పంతొమ్మిదేళ్ల ఎల్విస్ దాన్నే ఎత్తుకున్నాడు, అది సన్ 209 అయింది. ‘మిస్టరీ ట్రైన్’ను 1953లో జూనియర్ పార్కర్ సన్ కంపెనీకే పాడాడు. రెండేళ్లకు అదే కంపెనీలో ఎల్విస్ పాడాడు. ‘హౌండ్ డాగ్’ 1953లో బిగ్ మామా థార్న్‌టన్ పాటగా పీకాక్ లేబుల్ మీద వచ్చింది, ఎల్విస్‌ది 1956లో. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి వినండి. థార్న్‌టన్ తొందరపడదు. గుమ్మంలో నిలబడి చేతకాని మొగుణ్ణి కడిగేస్తున్న ఆడమనిషి ఆ గొంతులో ఉంది. ఎల్విస్ దగ్గరికొచ్చేసరికి ఆ కోపం పోయి పరుగు మిగిలింది. ఎవరిది గొప్ప అంటే నా ఓటు థార్న్‌టన్‌కే. మీరు ఒప్పుకోనక్కర్లేదు, జంట కొనుక్కుంటే వాదించుకోవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. సన్ 209 లేబుల్ మీద రచయితగా క్రూడప్ పేరే అచ్చయింది. ఆ క్రూడప్ తన పాటల రాయల్టీ కోసం ఏళ్లతరబడి పోరాడి, దక్కవలసినది దక్కకుండానే 1974లో పోయాడు. చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవడం కూడా ఈ వ్యాపకంలో భాగమే.

ఇక అందరికీ నోరూరించే సరుకు, సన్ కంపెనీ ఎల్విస్ రికార్డులు. మొత్తం అయిదే: 209, 210, 215, 217, 223. 1955 నవంబరులో ఆర్‌సీఏ అతని ఒప్పందాన్ని శామ్ ఫిలిప్స్ దగ్గర 35,000 డాలర్లకు కొనేసింది. ఆ తర్వాతి రికార్డులు లక్షల్లో అమ్ముడయ్యాయి. ఈ తేడా తెలియక గుండె దడదడలాడించుకునేవాళ్లు చాలామంది. డాలస్‌లో ఉండే మా అన్నయ్య కొడుకు ఓసారి ఎవరి ఇంట్లోనో సామాన్లు అమ్ముతుంటే అక్కడినుంచే ఫోన్ చేశాడు.

“బాబాయ్, ఎల్విస్ రికార్డు! లక్కదే. పది డాలర్లంటున్నారు. వీళ్లకి విలువ తెలిసినట్టు లేదు.”

“లేబుల్ ఏ రంగురా?”

“నలుపు. పైన కుక్క బొమ్మ.”

“నంబరు ఇరవైతో మొదలైందా?”

“అవును, 20, గీత, 6604.”

“వాళ్లకి విలువ బాగానే తెలుసు. అది ఆర్‌సీఏ ‘హౌండ్ డాగ్’. అమెరికా అంతా కొన్నదే. గాడులు నల్లగా ఉంటే తీసుకో, బూడిద రంగులో ఉంటే వదిలెయ్.”

ఆర్‌సీఏ పద్ధతి గుర్తుపెట్టుకోండి. అదే పాటకు 78 అయితే 20 అనీ, 45 అయితే 47 అనీ నంబరు ముందు పెట్టారు. సన్ లేబుల్ వేరు: పసుపు రంగు, సూర్యకిరణాలు, కోడిపుంజు. దాని నకిలీలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. రంగురంగుల వినైల్ మీద సన్ ఎల్విస్ 78 ఎవరైనా చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. గాడులు అయిపోయి లేబుల్ మొదలయ్యేలోపు ఉండే నున్నటి పట్టీలో అచ్చు నంబరు ఉంటుంది. ‘దట్స్ ఆల్ రైట్’ వైపు యు-128, వెనకవైపు యు-129. నంబరు కలిసినంత మాత్రాన అసలుదని కాదు, నకిలీ చేసేవాడికీ చదువొచ్చు. కలవకపోతే మాత్రం ఆలోచించే పని లేదు. ఇక వేలాల వార్తలు చదివి బెంబేలెత్తకండి. ఎల్విస్ 1953లో సొంత డబ్బుతో చేయించుకున్న ఒకే ఒక్క డిస్కు 2015లో మూడు లక్షల డాలర్లు పలికింది. అది ఒక వస్తువు కథ, మీ బజారు ధర కాదు.

రికార్డు చేతికి తీసుకున్నాక ఏం చూడాలో నిదానంగా చెబుతాను, డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే. రెండు అరచేతులతో అంచులు పట్టుకోండి, వేళ్లు గాడుల మీద పెట్టకండి. ట్యూబులైటు కింద కాకుండా ఒకే బల్బు ఉన్నచోట నిలబడి, వెలుతురు పక్కనుంచి పడేలా వంచి, మెల్లగా తిప్పండి. బాగున్న గాడి నల్లగా నిగనిగలాడుతుంది. అరిగినది బూడిద పూసినట్టు తెల్లబారుతుంది. పాట జోరందుకునే చోట, అంటే శాక్సఫోన్ సోలో దగ్గరో గాయకుడు గొంతెత్తిన దగ్గరో, ఆ తెల్లదనం చారగా కనిపిస్తుంది. ఆ చార ఉంటే అక్కడ గొంతు చీరుకుపోయి వినిపిస్తుంది, ఎంత కడిగినా రాదు. ఈ సంగీతం చాలా భాగం జూక్‌బాక్సుల్లో మోగింది. బరువైన ముల్లు కింద ఒకే వైపు వందలసార్లు తిరిగిన రికార్డులివి. అందుకే ఒక వైపు తళతళలాడుతూ, హిట్టయిన వైపు బూడిదైపోయి ఉండటం మామూలు. రెండు వైపులా చూడకుండా డబ్బివ్వకండి.

గీతలున్న చోట గోటితో తాకండి. గోరు తగిలితే చెవికీ తగులుతుంది. తగలకపోతే అంత భయం లేదు. అంచున చిన్న పెచ్చు ఊడి, అది గాడుల దాకా రాకపోతే ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, వినికిడికి నష్టం లేదు. అసలు శత్రువు వెంట్రుకవాసి పగులు. కంటికి సరిగా ఆనదు. మధ్య రంధ్రంలో వేలు దూర్చి, రికార్డును వేలాడదీసి, గోటితో అతి మెల్లగా తట్టండి. నిండైనది ఖంగుమంటుంది, పగిలినది బొదబొదమంటుంది. పగులు గాడుల్లోకి వచ్చిందా, నిమిషానికి 78 సార్లు టక్కుమనడం ఖాయం.

తపాలాలో కొనేటప్పుడు అమ్మేవాడి కళ్లే మీ కళ్లు. పాత 78ల లోకంలో ఎన్, ఈ, వీ, జీ అనే మెట్లున్నాయి. ఎన్ అంటే కొత్తదానిలా ఉన్నది. ఈ, మంచి స్థితి. వీ, అరుగుదల వినిపిస్తుంది కానీ పాట ఆనందించవచ్చు. జీ అన్నది మీ గిరిలో మరీ అరుదైనదైతే తప్ప ముట్టుకోవద్దు. వీ కి పైన ఒక ప్లస్సు ఉన్నవి మధ్యతరగతి సేకర్తకు సరైన సరుకు. బల్బు కింద తీసిన ఫొటో పంపమనండి. పంపనివాడి దగ్గర కొనకండి.

వినిపించే యంత్రం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పెద్ద కొమ్మున్న తాళంచెవి గ్రామఫోన్ డ్రాయింగ్ రూములో అందంగా ఉంటుంది. దాని మీద 1956 నాటి రికార్డు పెట్టడం ఆ రికార్డుకు చేసే ద్రోహం. ఉక్కు ముల్లూ, దాని మీద పడే బరువూ గాడిని తినేస్తాయి. రికార్డులో రాతిపొడి కలపడానికి ఒక కారణం ముల్లు అరిగి గాడికి సరిపడేలా కావడమే, అందుకే ఆ రోజుల్లో ఒక్కో పాటకు ఒక్కో ముల్లు మార్చేవారు. మీకు కావలసింది 78 వేగం ఉన్న కరెంటు టర్న్‌టేబుల్, దానికి 78ల కోసమే చేసిన వజ్రపు ముల్లు. ఎల్‌పీల ముల్లు మొన వ్యాసార్ధం పద్దెనిమిది, ఇరవై మైక్రాన్లు. 78 గాడికి దాదాపు డెబ్బై ఆరు కావాలి. సన్నది పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతూ చిరచిరనే వినిపిస్తుంది. 1950ల ఆఖరి రికార్డులకు కొంచెం సన్నం, అరవై అయిదు ప్రాంతం, బాగా కుదురుతుంది. రెండు చానెళ్లనూ కలిపి మోనోగా పెట్టుకుంటే రొద సగం చస్తుంది. ఒక సౌకర్యం కూడా ఉంది: 1954 నుంచి అమెరికా కంపెనీలు రికార్డింగు ఈక్వలైజేషన్‌ను, అంటే మంద్ర, తార స్వరాల పాళ్లు సరిచేసే పద్ధతిని, ఒకే ప్రమాణానికి తెచ్చుకుంటూ వచ్చాయి. ఆ తర్వాతి రికార్డులకు చాలావరకు మామూలు ఫోనో యాంప్లిఫయరే చాలు. 1930ల జాజ్ సేకరించేవాడికి ఈ భాగ్యం లేదు.

శుభ్రం చేయడంలో ఒకే ఒక్క నిషేధం ప్రాణసమానం: స్పిరిట్ వద్దు. శానిటైజర్ వద్దు, ఎల్‌పీలు తుడిచే ఆల్కహాల్ ద్రవం వద్దు. లక్కను స్పిరిట్‌లో కరిగించే వడ్రంగులు కలపకు పాలిష్ పడతారు. మీ రికార్డూ అలాగే కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క, మెత్తటి బ్రష్షు, గాడి వెంబడి గుండ్రంగా తుడవడం, మంచినీళ్లతో కాకుండా మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగడం, నీడలో ఆరబెట్టడం. లేబుల్ తడవకూడదు. మన కోస్తా ఉక్కకు వీటి మీద బూజు పడుతుంది, అది గాడిలో తెల్లటి మచ్చగా దిగితే వదలదు. అందుకని వానాకాలానికి ముందు ఒకసారి అన్నీ తీసి చూడాలి.

నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. వాలనివ్వకండి, వాలితే ఎండాకాలంలో వంగిపోతాయి. వంద రికార్డులు ఇరవై కిలోల దాకా తూగుతాయి, నాసిరకం అట్టచెక్క అల్మరా కూలుతుంది. మే నెలలో కారులో వదిలి భోజనానికి వెళ్లకండి.

మన దేశంలో ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. కలకత్తా డమ్ డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ మిగతా ప్రపంచం మానేశాక కూడా 78లు వేస్తూనే ఉంది. 1965 దాకా బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ లక్క రికార్డుల మీద వచ్చాయి. ఇవాళ వాటికోసం ఇంగ్లండు వాళ్లు మన వైపు చూస్తారు. ధర చుక్కల్లో ఉంటుంది, నకిలీలూ ఉంటాయి. కొత్తవాళ్లు ఆ జోలికి పోవద్దు. లక్నోలో పుట్టిన క్లిఫ్ రిచర్డ్ తొలి పాట ‘మూవ్ ఇట్’, 1958 నాటిది, 78గానూ వచ్చింది. మన దేశపు సేకర్తకు అది న్యాయమైన కోరిక. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల కొట్లు చాలాకాలంగా పేరు మోసినవి. అక్కడికి వెళ్తే బేరానికి ముందు వాళ్లతో కూచుని టీ తాగండి, జాబితా చూపించండి. జాబితా ఉన్నవాణ్ణి కొట్టువాడు గుర్తుపెట్టుకుంటాడు, ‘ఏమైనా మంచివున్నాయా’ అని అడిగినవాణ్ణి మరిచిపోతాడు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు తెచ్చేటట్టయితే చేతిసంచీలోనే తెమ్మనండి. తపాలాలో రప్పించాలంటే రెండు గట్టి అట్టల మధ్య రికార్డు పెట్టి టేపు వేసి, ఆ కట్టను పెద్ద పెట్టెలో అన్ని వైపులా రెండేసి అంగుళాల మెత్తటి కూర్పు మధ్య ఉంచాలి. ఎల్‌పీలు పంపే పల్చటి అట్టపెట్టె దీనికి చాలదు. ఈ మాట అమ్మేవాడికి డబ్బు కట్టకముందే రాయండి.

ఖర్చు సంగతి ఇంట్లో దాచకండి. నెలకు ఇంత అని ముందే చెప్పి, అంతలోనే కొనండి. అరుదైనది కనపడితే రెండు నెలలు మానేసి కొనండి, అప్పు చేయకండి. వీటిని పెట్టుబడి అనుకోవద్దు. ఈ పాటలతో పెరిగిన తరం వెళ్లిపోతోంది, మామూలు రికార్డుల ధర పెరుగుతుందన్న భరోసా ఏమీ లేదు. కొన్న ప్రతిదానికీ కంపెనీ, నంబరు, పాట, స్థితి, ధర ఆ నోటుపుస్తకంలోనే రాయండి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా తెలియాలి. లేకపోతే మీ తర్వాత అవన్నీ పాతసామాన్ల వాడికి కిలోల లెక్కన పోతాయి.

మొదట ఏది కొనాలంటారా? మా అన్నయ్య కొడుకు కొన్నదే కొనండి, ఆర్‌సీఏ 20-6604. చవక, దొరుకుతుంది, రెండు వైపులా హిట్టే. దాని మీద చూడటం, కడగడం, వినడం నేర్చుకోండి. చెయ్యి తిరిగాక పీకాక్ లేబుల్ మీది థార్న్‌టన్ కోసం వెతకండి.